జాన్ సెల్ కాట్మన్ బతికుండగా ఎందుకు నెగ్గుకురాలేకపోయాడు

సంప్రదాయ పద్ధతిలో వేసే నీటిరంగుల చిత్రంలో తెలుపు రంగు ఉండదు. కాగితమే తెలుపు. తైలవర్ణాలతో పనిచేసేవాడు ముదురు మీద లేత రంగు వేసుకోగలడు, తప్పు జరిగితే దాని మీదే దిద్దుకోగలడు. నీటిరంగుల్లో పని తలకిందులుగా నడుస్తుంది. లేతగా మొదలుపెట్టి ముదురులోకి వెళ్లాలి, వెలుగు ఎక్కడ పడాలో అక్కడికి కుంచె చేరకుండా కాచుకోవాలి, కాగితం ఒకసారి పీల్చుకున్న రంగును పూర్తిగా వెనక్కి తీసుకోవడం దాదాపు కుదరదని తెలుసుకుని అడుగు వేయాలి. అంటే ఏది వేయాలన్నదాని కంటే ఏది వేయకుండా వదలాలన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ఈ వదలడం అనే పనిని అందరికంటే లోతుగా గ్రహించినవాడు జాన్ సెల్ కాట్మన్ అని నా నమ్మకం.

1782 మే 16న నారిచ్ పట్టణంలో పుట్టి, 1842 జులై 24న లండన్‌లో కన్నుమూసిన ఈ చిత్రకారుడి పనిని ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియం, టేట్, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం తమ నీటిరంగుల సేకరణల్లో ముందు వరుసలో ఉంచుకుంటున్నాయి. బతికున్న అరవై ఏళ్లలో మాత్రం అతడు పిల్లలకు బొమ్మలు నేర్పే డ్రాయింగు మాస్టారుగానే పొట్టపోసుకున్నాడు. పోయిన మరుసటి ఏడాది క్రిస్టీస్ వేలంలో అతడి చిత్రాలు కారుచౌకగా వెళ్లిపోయాయి. ఈ తేడాకు సాధారణంగా వినిపించే జవాబు ఒకటే: కాట్మన్ తన కాలం కంటే ముందు పుట్టాడు, జనానికి అర్థం కాలేదు. ఈ జవాబులో నిజం కొంతే ఉంది. అతడి జీవితాన్ని ఏడాది వెంట ఏడాది గమనించినకొద్దీ అర్థంకాకపోవడం కంటే పెద్ద కారణాలు కనిపిస్తాయి. నీటిరంగులకు అప్పటి లండన్‌లో ఉన్న స్థానం, పల్లెటూరి భూస్వాముల ఇళ్లలో బొమ్మలు నేర్పే వృత్తి, ఒక ధనిక పోషకుడికి పాత కట్టడాల మీద ఉన్న మక్కువ అతడి బతుకులో పెనవేసుకుపోయాయి.

తండ్రి ఎడ్మండ్ కాట్మన్ మొదట క్షురకుడు, తర్వాత బట్టల సరంజామా అమ్మే వ్యాపారి. కొడుకును నారిచ్ గ్రామర్ స్కూలులో చదివించాడు. కుర్రవాడు చిత్రకళలోకి పోతానన్నప్పుడు తండ్రి సలహా అడిగితే, చిత్రకారుడు కావడం కంటే బూట్లకు నల్లరంగు పూసుకుని బతకడం నయమని ప్రసిద్ధ చిత్రకారుడు జాన్ ఓపీ అన్నట్లు ఒక కథ ప్రచారంలో ఉంది. అయినా 1798లో, పదహారేళ్ల వయసులో, కాట్మన్ లండన్ చేరాడు. ప్రచురణకర్త రుడాల్ఫ్ ఆకర్మన్ దగ్గర కొంతకాలం పనిచేశాక డాక్టర్ థామస్ మన్రో ఇంటికి వెళ్లే యువకుల్లో ఒకడయ్యాడు. రాయలసీమ ప్రజలు ఇప్పటికీ తలుచుకునే కలెక్టరు థామస్ మన్రోకూ ఈయనకూ సంబంధం లేదు. ఈయన బెత్లెం మానసిక చికిత్సాలయంలో వైద్యుడు, చిత్రాలంటే ప్రాణం పెట్టే సేకరణకర్త. సాయంత్రం వేళల్లో కుర్ర చిత్రకారులను పిలిచి, తన దగ్గరున్న చిత్రాలకు నకళ్లు వేయించేవాడు. అంతకు కొన్నేళ్ల ముందు చిత్రకారులు జె.ఎం.డబ్ల్యూ. టర్నర్, థామస్ గర్టిన్ కూడా అదే ఇంట్లో చేయి తిప్పుకున్నవారే.

థామస్ గర్టిన్ ప్రభావం గురించి కొంచెం ఆగి చెప్పాలి. అంతకుముందు నీటిరంగుల చిత్రమంటే ఎక్కువగా రంగు అద్దిన గీతచిత్రం. ముందు కలంతో ఊరినో కోటనో గీసి, బూడిద రంగుతో నీడలు వేసి, పైన పలచగా రంగులు తడిపేవారు. ఫొటో లేని రోజుల్లో ఒక స్థలం ఎలా ఉంటుందో చెప్పడమే దాని పని. గర్టిన్, టర్నర్ తరం ఆ బూడిద పొరను తీసేసి, నీడను కూడా నేరుగా రంగుతోనే నిర్మించడం మొదలుపెట్టింది. గర్టిన్ 1802లో ఇరవై ఏడేళ్లకే చనిపోయాడు. అతడి చుట్టూ ఏర్పడిన స్కెచింగ్ బృందంలో తిరిగిన కాట్మన్ ఆ పద్ధతిని అందుకుని, 1800లోనూ 1802లోనూ వేల్స్ కొండల్లో తిరిగి, మరో దిక్కుకు తీసుకుపోయాడు. గర్టిన్ రంగులో గాలి, తడి, దూరం ఉంటాయి. కాట్మన్ రంగులో అంచు ఉంటుంది.

ఈ అంచు ఎలా పుడుతుందో చేతితో చేసి చూస్తేనే తెలుస్తుంది. పలకను కాస్త వాలుగా పెట్టి, కుంచె నిండా రంగునీళ్లు తీసుకుని అడ్డంగా ఒక గీత లాగితే కింది అంచున ఒక నీటి తెర నిలుస్తుంది. రెండో గీతతో ఆ తెరను అందుకుని కిందికి దించాలి, అలా చివరిదాకా. మధ్యలో ఆగితే మచ్చ పడుతుంది, మళ్లీ వెనక్కి వెళితే చారలు పడతాయి. నేను ఎన్నోసార్లు ప్రయత్నించాను. అరచేతంత జాగాలో కూడా సమానమైన పూత నిలవడానికి చాలా కాగితాలు ఖర్చయ్యాయి. పూత పూర్తిగా ఆరాక దాని మీద ఇంకో పూత, దాని ఆకారం వేరు, అంచు వేరు. ఆరిన పూతల అంచులు ఒకదాని మీద ఒకటి పడిన చోట గీత గీయకుండానే గీత కనిపిస్తుంది. కాట్మన్ చెట్టును ఆకులుగా విడగొట్టడు. రెండు మూడు పూతల ఆకారాలుగా చూస్తాడు. నీడ పడిన గోడ ఒక పూత, గోడ మీది వెలుగు పూత లేని కాగితం.

ఆ చూపు పండిన చోటు యార్క్‌షైర్. 1803, 1804, 1805 వేసవుల్లో కాట్మన్ అక్కడికి వెళ్లి బ్రాండ్స్‌బీ గ్రామంలోని చోమ్లీ కుటుంబం ఇంట్లో ఉన్నాడు. ఆ ఇంటి ఇల్లాలికీ కూతుళ్లకూ బొమ్మలు నేర్పడం అతడి పని. వాళ్లు అతడిని కూలికి వచ్చిన మాస్టారులా కాక ఇంటి మనిషిలా చూసుకున్నారు. 1805 వేసవిలో ఆ కుటుంబం పరిచయంతోనే రోక్‌బీ ఎస్టేటుకు వెళ్లి, అక్కడి గ్రీటా నది ఒడ్డున వారాల తరబడి బొమ్మలు వేశాడు. ఆ ఏడాది చివర రాసిన ఉత్తరంలో, ఈ వేసవి అంతా ప్రకృతిని చూసి రంగులు వేయడమే తన ముఖ్యమైన సాధన అయిందని, వాటిలో చాలా చిత్రాలు ఉన్నది ఉన్నట్లు వేసినవేనని చెప్పుకున్నాడు. ఈ మాటను గుర్తుంచుకోవడం చాలా అవసరం, ఎందుకో తర్వాత చెబుతాను.

బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ‘గ్రీటా బ్రిడ్జి’ చిత్రం ఆ కాలానిదే. వెడల్పు దాదాపు 33 సెంటీమీటర్లు, ఎత్తు 23; మామూలు నోటుపుస్తకం తెరిచి పెట్టినంత జాగా. యార్క్ నగర వాస్తుశిల్పి జాన్ కార్ కట్టిన ఒంటి కమాను రాతి వంతెన నది మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు సాగి ఉంటుంది. కాట్మన్ దాన్ని ఏటవాలుగా చూపలేదు, ఎదురుగా నిలబెట్టాడు. వంతెన రాయి లేత పసుపుపచ్చ పూత, దాని వెనక చెట్ల గుంపులు ముదురు ఆకుపచ్చ, గోధుమ రంగు ముద్దలు, నదిలోని బండరాళ్లు పూతలు తగలకుండా వదిలిన లేత ఆకారాలు. నీళ్లు పారుతున్నట్లు ఎక్కడా గీతలు లేవు. కమాను నీడ నీటిలో ఎంత నిశ్చలంగా ఉందో చూశాక, అది కదిలే నదేనన్న సంగతి కాసేపు మరిచిపోతాము. చిత్రంలో ఒక్క పూతను కూడా తీసివేయలేము, ఒక్కటి కూడా చేర్చలేము. శిష్యులకు ‘వదిలేయండి గానీ చేర్చకండి’ అని చెప్పేవాడని ప్రచారంలో ఉన్న మాట ఈ చిత్రం ముందు నిలబడితే నమ్మబుద్ధేస్తుంది.

అదే రోజుల్లో వేసిన ‘డ్రాప్ గేట్, డన్‌కమ్ పార్క్’ నాకు ఇంకా ఇష్టం. వాగు దాటి పశువులు అవతలికి పోకుండా నీటి మీద వేలాడదీసిన కొయ్య తడిక, అంతే అందులోని విషయం. కోట లేదు, కొండ లేదు, చర్చి గోపురం లేదు. ఏ భూస్వామీ దాన్ని గోడకు తగిలించుకోవడానికి వేయమని అడిగి ఉండడు. పాత కొయ్య పలకల వంకరటింకర వరుస, వాటి సందుల్లోంచి కనిపించే చీకటి, ముందున్న గడ్డి మొక్కలు. చూడదగ్గ వస్తువు ఏదన్న విషయంలో అప్పటి పద్ధతులన్నిటినీ కాట్మన్ ఇక్కడ పక్కకు పెట్టాడు.

ఇప్పుడు ‘కాలం కంటే ముందు’ అన్న మాట దగ్గరికి వస్తాను. ఇరవయ్యో శతాబ్దపు విమర్శకులు ఈ చిత్రాలను చూసినప్పుడు అప్పటికే వారి కళ్లకు జపాను చెక్క ముద్రణలు, సెజాన్ తర్వాతి ఫ్రెంచి చిత్రాలు అలవాటయ్యాయి. చదునైన రంగు ముద్దలు, గట్టి అంచులు కనిపించగానే కాట్మన్‌ను వాటికి పూర్వీకుడిగా చెప్పడం మొదలైంది. కాని 1805లో జపాను తలుపులు దాదాపు మూసే ఉన్నాయి. అక్కడి ముద్రణలు ఐరోపాకు విరివిగా చేరింది 1850ల తర్వాతే. కాట్మన్ ఎవరి రాకనూ ఊహించలేదు. తన కాలంలోని ఒక పనితీరును, అంటే ఆరిన పూత మీద పూత వేసే పద్ధతిని, దాని చివరికంటా తీసుకుపోయాడు. ఆ ఆకారాలు నది ఒడ్డున కూర్చుని కళ్లెదుట చూసి వేసినవని అతడి ఉత్తరమే చెబుతోంది. ఇది నైరూప్య చిత్రకళ కాదు, మహా శ్రద్ధగా చూసిన చూపు. అతడిని రేపటి మనిషిగా చేసి పొగడడంలో ఆ శ్రద్ధకు అన్యాయం జరుగుతోందని నాకు అనిపిస్తుంది.

మరి అమ్మకాలు ఎందుకు లేవు? దీనికి జవాబు లండన్ ప్రదర్శనశాలల్లో ఉంది. రాయల్ అకాడమీ వార్షిక ప్రదర్శనలో పెద్ద పెద్ద తైలవర్ణ చిత్రాల మధ్య నీటిరంగుల చిత్రాలు వెలవెలబోయేవి, పైగా కేవలం నీటిరంగులే వేసేవారికి అకాడమీ సభ్యత్వం దక్కేది కాదు. ఆ అవమానం భరించలేక కొందరు 1804 నవంబరులో నీటిరంగుల చిత్రకారుల సంఘం పెట్టుకున్నారు. 1805లో వారి మొదటి ప్రదర్శనకు టికెట్టు కొని వచ్చినవారు దాదాపు 12 వేల మంది. గెలుపు గెలుపే, కాని ఆ గెలుపు ఒక కొత్త రుచిని కూడా తెచ్చింది. తైలవర్ణాలతో పోటీపడాలి కాబట్టి నీటిరంగుల చిత్రం కూడా పెద్దదిగా, నిండుగా, సానపట్టినట్లు ఉండాలని, బంగారు చట్రంలో గోడకు వేలాడాలని అందరూ కోరుకున్నారు. గ్రీటా నది ఒడ్డున నోటుపుస్తకమంత కాగితం మీద సగం తెలుపు వదిలేసిన చిత్రానికి ఆ గోడ మీద చోటు ఎక్కడ? ఆ సంఘంలో సభ్యత్వం ఆశించిన కాట్మన్‌కు అది దక్కలేదు. 1806 చివరికి లండన్ వదిలి నారిచ్‌కు తిరిగొచ్చేశాడు. వయసు ఇరవై నాలుగు. అప్పటికే అతడి చిత్రాల్లో అత్యుత్తమమైనవి చాలావరకు పూర్తయ్యాయి.

నారిచ్ చిన్న ఊరేమీ కాదు. జాన్ క్రోమ్ 1803లో మొదలుపెట్టిన నారిచ్ చిత్రకారుల సంఘం 1805 నుంచి ఏటా ప్రదర్శన పెట్టేది. లండన్ వెలుపల ఇంగ్లండులో అలా నిలకడగా నడిచిన మొదటి సంఘం అదే. కాట్మన్ అందులో చేరి 1808లో ఒక్క ఏడాదిలోనే 67 చిత్రాలు ప్రదర్శించాడు, 1811లో అధ్యక్షుడయ్యాడు. కాని చూసేవారు ఉన్నంతగా కొనేవారు లేరు. 1809లో ఆన్ మైల్స్‌ను పెళ్లి చేసుకున్నాడు. సంసారం వచ్చింది, ఆదాయం కావాలి. అదే ఏడాది అతడు ఒక కొత్త ఏర్పాటు చేశాడు. మనకు తెలిసిన అద్దె పుస్తకాల షాపు లాంటిదే, కాకపోతే పుస్తకాలకు బదులు చిత్రాలు: చందా కట్టినవారు అతడి 600 చిత్రాల్లోంచి కావలసినవి ఇంటికి తీసుకుపోయి, నకలు వేసుకుని, తిరిగి ఇచ్చేయవచ్చు. అతడి చాలా చిత్రాల మూలల్లో ఇప్పటికీ కనిపించే అంకెలు అలా అరువుకు తిరిగిన రోజుల గుర్తులు. మ్యూజియంలో అద్దం వెనక ఉన్న కాగితం మీద ఆ చిన్న అంకెను చూసినప్పుడు నాకు మనసు కలుక్కుమంటుంది. వేసినవాడి దృష్టిలో అది కళాఖండమే కావచ్చు, ఇంటి ఖర్చుల దృష్టిలో మాత్రం అది ఎవరింటి పిల్లలో దిద్దుకోవడానికి ఇచ్చిన పాఠం.

1812లో సంసారం గ్రేట్ యార్మత్ రేవు పట్టణానికి మారింది. పిలిచినవాడు డాసన్ టర్నర్. మహాచిత్రకారుడు జె.ఎం.డబ్ల్యూ. టర్నర్‌తో ఇతడికి చుట్టరికం లేదు. ఇతడు బ్యాంకు యజమాని, వృక్షశాస్త్రం తెలిసినవాడు, పాత కట్టడాలంటే పడి చచ్చేవాడు. అతడి భార్యకూ కూతుళ్లకూ బొమ్మలు నేర్పడం, అతడికి కావలసిన పురాతన చర్చిల చిత్రాలు వేయడం కాట్మన్ పని. ఈ డాసన్ టర్నర్‌ను కాట్మన్ జీవితంలో దుర్మార్గుడిగా చూపడం నాకు సమ్మతం కాదు. డబ్బు సర్దినవాడు, ఉత్తరాలు దాచినవాడు, కష్టంలో పలికినవాడు అతడే. కాని అతడి అభిరుచి కాట్మన్ చేతిని మరో పనిలో పెట్టింది.

ఆ పని ఎచింగ్. రాగిరేకు మీద మైనం పూసి, సూదితో గీసి, రేకును ఆమ్లంలో ముంచితే గీత ఉన్నచోట ఆమ్లం లోహాన్ని తినేస్తుంది. ఆ గాడిలో సిరా నింపి అచ్చు తీస్తారు. ఇందులో పూత లేదు, రంగు లేదు, ఉన్నదంతా గీతే. పాత చర్చి ద్వారం చుట్టూ ఎన్ని చెక్కడాలున్నాయో అన్నీ రావాలి, ఒక్క రాయి తగ్గినా పురాతత్వం చదివేవాడికి పనికిరాదు. వదిలేయడంలోనే నేర్పు ఉన్న మనిషి పదేళ్లపాటు దేన్నీ వదలకుండా గీశాడు. నార్ఫోక్ ప్రాంతపు కట్టడాల సంపుటాలు అయ్యాక, 1817, 1818, 1820లలో మూడుసార్లు ఫ్రాన్సులోని నార్మండీకి వెళ్లి, 1822లో నూరు ఎచింగ్‌లతో ‘నార్మండీ నిర్మాణ పురావస్తువులు’ వెలువరించాడు. వచనం డాసన్ టర్నర్‌ది. ఆ ఎచింగ్‌లు గొప్పవే; వెలుగునీడల పట్టు వాటిలోనూ ఉంది. అతడి పేరు తెచ్చింది కూడా అవే. కాని ఖర్చుకు తగిన రాబడి రాలేదు.

1823 చివరలో మళ్లీ నారిచ్ చేరి, స్థాయికి మించిన పెద్ద ఇల్లు తీసుకుని బొమ్మల బడి పెట్టాడు. ఆశించినంత మంది పిల్లలు రాలేదు, అప్పులు పెరిగాయి. 1825లో నీటిరంగుల సంఘం అతడిని అసోసియేటుగా తీసుకుంది; ఆశించిన చోటికి ఇరవై ఏళ్లు ఆలస్యంగా, అదీ కింది మెట్టు మీదికి. మనసు కుంగిపోవడం అతడికి ముందు నుంచీ ఉన్నదే, ఈ ఏళ్లలో అది ముదిరింది. జీవితంలో తన ఆశలన్నీ మాడిపోయాయని 1829లో డాసన్ టర్నర్‌కు రాశాడు. చిత్రమేమిటంటే అదే కాలంలో అతడు మరో పద్ధతి కనిపెట్టుకున్నాడు. రంగులో పిండి జిగురు కలిపి చిక్కగా చేసుకుంటే, అది తడిగా ఉండగానే పైన తుడిచి, గీరి, లేత చోట్లు తీయవచ్చు. గాఢమైన నీలాలు, బంగారు పసుపులు వచ్చాయి. అవి మరీ కొట్టొచ్చినట్లున్నాయని అప్పటి విమర్శకులు విసుక్కున్నారు. యార్క్‌షైర్ నిశ్శబ్దం వాటిలో లేదన్నది నిజమే, అయినా వాటిని తాపత్రయంతో పుట్టిన హంగుగా కొట్టిపారేయలేను. ప్రదర్శనశాల గోడ అడిగినదాన్ని తన తీరులో ఇవ్వడానికి అతడు చేసిన నిజాయితీ గల ప్రయత్నం అది.

1834లో లండన్‌లో స్ట్రాండ్ వీధిలోని కింగ్స్ కాలేజీ స్కూలుకు డ్రాయింగు మాస్టారు ఉద్యోగం దొరికింది. చిత్రకారుడు టర్నర్ గట్టిగా సిఫారసు చేశాడని చెబుతారు. నికరమైన జీతం. పెద్ద కొడుకు మైల్స్ ఎడ్మండ్ సహాయకుడిగా చేరాడు, తర్వాత అదే పదవికి వచ్చాడు. పిల్లలు నకలు వేసుకోవడానికి తండ్రీకొడుకులు కలిసి వందల కొద్దీ బొమ్మలు వేసేవారు. ఈ కుటుంబ కర్మాగారం ఇంకో చిక్కు తెచ్చింది: తర్వాతి కాలంలో కాట్మన్ పేరుతో తిరిగిన చిత్రాల్లో ఏది తండ్రిది, ఏది కొడుకులది, ఏది శిష్యులది అని తేల్చడం పండితులకు పెద్ద పనైంది. ఆ తరగతి గదిలో కూర్చున్న కుర్రాళ్లలో, తర్వాత కవిగా, చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్న డాంటే గాబ్రియేల్ రొసెట్టి ఒకడు. చదునైన రంగు, గట్టి అంచు అతడి చిత్రాల్లోనూ ఉన్నాయి గాని, దానికి మాస్టారే కారణమని చెప్పే సాహసం నేను చేయను.

చనిపోయాక నలభై ఏళ్లకు పైగా కాట్మన్‌ను కాపాడింది సొంత ఊరివాళ్లే. నారిచ్ మ్యూజియం క్యూరేటరు జేమ్స్ రీవ్ ఏళ్ల తరబడి కూడబెట్టిన నారిచ్ చిత్రకారుల చిత్రాలు 1902లో బ్రిటిష్ మ్యూజియం చేతికి వచ్చాయి. ఆవపొడి వ్యాపారంతో సంపన్నులైన కోల్మన్ కుటుంబం చేర్చిన సేకరణ 1946లో రసెల్ కోల్మన్ వీలునామా ద్వారా నారిచ్ కోట మ్యూజియానికి దక్కింది. అంతకాలం పట్టించుకోకపోవడం వల్ల ఒక మేలు కూడా జరిగింది. ఆ కాలపు నీటిరంగుల్లో నీలిమందు విరివిగా వాడేవారు. కడప, నెల్లూరు నీలిమందు వ్యాపారం గురించి విన్న మన పాఠకులకు ఆ రంగు కొత్త కాదు. గుడ్డ మీద గట్టిగా నిలిచే ఆ నీలి, కాగితం మీద పలచటి పూతగా వేసినప్పుడు వెలుగుకు వెలిసిపోతుంది. నీలి, ఎరుపు కలిపి వేసిన బూడిద రంగు మేఘంలో నీలి పోయి ఎరుపు మిగిలితే ఆకాశం తుప్పు పట్టినట్లవుతుంది. గోడలకు తగిలించిన ఎన్నో చిత్రాలకు ఈ గతి పట్టడంతో 1880లలో లండన్ పత్రికల్లో పెద్ద వివాదమే నడిచి, 1888లో రసెల్, ఆబ్నీ అనే శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి నివేదిక ఇచ్చారు. ఎవరూ చట్రం కట్టించుకోక అట్టల మధ్య చీకట్లో పడి ఉన్న కాగితం తన రంగు నిలుపుకుంటుంది. ఇప్పటికీ మ్యూజియాలు ఇలాంటి చిత్రాలను కొద్ది నెలలు చూపించి మళ్లీ పెట్టెల్లోకి చేరుస్తాయి.

1841 శరత్తులో, బడికి సెలవు దొరికినప్పుడు, కాట్మన్ చివరిసారిగా నార్ఫోక్ వెళ్లాడు. గాలివానలు, పొంగిన ఏరులు, వంగిపోతున్న చెట్లు. నల్ల సుద్దతో, తెల్ల సుద్దతో బూడిద రంగు కాగితం మీద రోజుకు ఎన్నో వేశాడు. ఆ గీతలు ఎంత వేగంగా ఉన్నాయంటే, ముప్ఫై ఏళ్ల మాస్టారు పని, అప్పులు, అంకెలు వేసిన నకలు బొమ్మలు అన్నీ చేతిలోంచి జారిపోయినట్లుంటాయి. లండన్ తిరిగొచ్చాక, 1842 జనవరిలో, వాటిలో ఒకదాన్ని ఆధారం చేసుకుని థోర్ప్ గ్రామంలోని తండ్రి ఇంటి నుంచి కనిపించే దృశ్యాన్ని తైలవర్ణాలతో మొదలుపెట్టాడు. అది పూర్తి కాలేదు. ఇప్పుడు నారిచ్ కోట మ్యూజియంలో ఉంది.